మొదటి దూరప్రయాణానికి తక్కువ ఖర్చులో సైకిల్ ఎంచుకోవడం ఎలా

"ఏ సైకిల్ కొనమంటారు?" దూరప్రయాణం మాట ఎత్తగానే నన్ను అందరూ అడిగేది ఇదే. మోడల్ పేరు ఒకటి చెబితే చాలనుకుని అడుగుతారు. నేను పేరు చెప్పను. ఒకరికి ఒంటికి అతికినట్టున్న సైకిల్ మరొకరికి నడుము నొప్పి తెప్పిస్తుంది. పైగా ఈ ఏడాది దొరికిన మోడల్ వచ్చే ఏడాదికి ఉంటుందన్న నమ్మకం లేదు.

మోడల్ పేరుకు బదులు ఒక పద్ధతి చెబుతాను. తర్వాత మార్చుకోలేని వాటిని ముందు చూడండి. ఫ్రేము సైజు మార్చలేరు. ఫ్రేములో టైరుకి ఉన్న చోటు పెంచలేరు. క్యారియరు బిగించే రంధ్రాలు లేకపోతే కొత్తగా పుట్టించలేరు. సీటు, టైర్లు, పెడళ్ళు, గ్రిప్పులు మాత్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గేర్లు, వెనక చక్రం ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. మార్చడం కుదురుతుంది కానీ ఖర్చు బాగా తగులుతుంది. కింద చెప్పేదంతా ఈ వరుసలోనే సాగుతుంది.

ఇది ఎవరి కోసమంటే, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా, తారు రోడ్ల మీద, మధ్యమధ్య మట్టిదారుల్లో, 20 కిలోల దాకా సామానుతో మొదటిసారి వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం.

## చూడటానికి వెళ్ళేటప్పుడు వెంట ఉండాల్సినవి

- కొలత టేపు, అంగుళాలూ మిల్లీమీటర్లూ రెండూ ఉన్న 30 సెం.మీ. స్టీలు స్కేలు
- 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు
- టార్చిలైటు, పాత గుడ్డ ముక్క
- నాలుగు మీటర్ల గట్టి దారం
- గాలి పంపు (పాత సైకిల్ చూడబోతే తప్పనిసరి, టైరు దిగిపోయి ఉంటే తొక్కి చూడలేరు)
- మీరు యాత్రలో వేసుకునే బూట్లే వేసుకుని వెళ్ళండి

## 1. ముందు సామాను తూచండి

సైకిల్ చూడకముందే మీరు ఏం తీసుకెళ్ళబోతున్నారో ఒకచోట పోగేసి తూకం వేయండి. డేరా, వంట సామాను ఉంటే 15–20 కిలోలు అవుతుంది. రాత్రుళ్ళు గదుల్లో బస చేసేవాళ్ళకి 6–8 కిలోలు సరిపోతుంది. ఈ రెంటికీ కావాల్సిన సైకిళ్ళు వేరు.

సైకిల్ మీద తొలిసారి ప్రపంచం చుట్టిన థామస్ స్టీవెన్స్ 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎత్తు చక్రం సైకిల్ ఎక్కి, నడుమ సముద్రాలు ఓడల్లో దాటుతూ, 1886 డిసెంబరులో యోకోహామా చేరాడు. హ్యాండిల్‌కి కట్టిన సంచిలో ఆయన సామాను ఇంతే: సాక్సులు, అదనంగా ఒక చొక్కా, డేరాగానూ పక్కగానూ పనికొచ్చే రెయిన్‌కోటు, ఒక రివాల్వరు. అంత తక్కువతో వెళ్ళమని నేను అనను. కానీ తగ్గించిన ప్రతి కిలో సైకిల్ మీద పెట్టే ఖర్చునీ తగ్గిస్తుంది, ఇది నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు ఒక కూడిక వేయండి: మీ బరువు + సామాను + సైకిల్ బరువు. ఉదాహరణకి 75 + 20 + 15 = 110 కిలోలు. సైకిల్‌తో వచ్చే పుస్తకంలో మొత్తం ఎంత బరువు మోయగలదో రాసి ఉంటుంది. మీ లెక్క దానికి కనీసం పది కిలోలు కింద ఉండాలి.

## 2. డబ్బును మూడు వాటాలు చేయండి

చేతిలో ఉన్నదంతా సైకిల్‌కే పెట్టేసి, క్యారియరుకి చవక రకం కొని, అది దారిలో విరిగి ఇబ్బందిపడ్డవాళ్ళు ఎందరో. నా లెక్క ఇది: సైకిల్‌కి 60 శాతం మించకూడదు. క్యారియరు, సంచులు, టైర్లు, పనిముట్లకి 25 శాతం. మిగతా 15 శాతాన్ని కొన్నాక బయటపడే రిపేర్లకి ముట్టుకోకుండా ఉంచండి. పాత సైకిల్ కొంటుంటే సైకిల్ వాటా 40కి తగ్గించి, రిపేరు వాటా పెంచండి. గొలుసు, వెనక పళ్ళ చక్రాలు, కేబుళ్ళు, బ్రేకు షూలు, టైర్లు మార్చే ఖర్చు ముందే విచారించి పెట్టుకుంటే బేరమాడటానికీ అది పనికొస్తుంది.

## 3. ఏ రకం సైకిల్?

సస్పెన్షన్ (కుదుపులు తగ్గించే స్ప్రింగులు) లేని పాత మౌంటెన్ బైక్. డబ్బు తక్కువగా ఉంటే నా మొదటి ఓటు దీనికే. 1990ల్లో వచ్చిన స్టీలు ఫ్రేము మౌంటెన్ బైకుల్లో ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళు) స్ప్రింగుల్లేని గట్టిది, వెనక క్యారియరు రంధ్రాలు చాలావాటికి ఉంటాయి, ముందు పళ్ళ చక్రాలు మూడు, లావు టైర్లకి చోటు, అన్నీ ఉంటాయి. ఈ రోజుల్లో ఇవి ఫ్యాషన్ కాదు కాబట్టి చవకగా దొరుకుతాయి. ఒకటే చిక్కు: 26 అంగుళాల చక్రం. కొత్త సైకిళ్ళలో ఆ సైజు తగ్గిపోతోంది, మీరు వెళ్ళే దారిలో టైరు దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.

హైబ్రిడ్ లేదా ట్రెకింగ్ సైకిల్. కొత్తదే కావాలనుకుంటే ఇది మేలు. నిటారుగా కూర్చోవచ్చు, 700సి (రిమ్ము వ్యాసం 622 మి.మీ.) చక్రాలు, క్యారియరు రంధ్రాలు, సరిపడా గేర్లు ఉంటాయి. ముందు సస్పెన్షన్ లేని మోడలే అడిగి తీసుకోండి.

తయారుగా వచ్చే టూరింగ్ సైకిల్. ట్రెక్ 520, సర్లీ లాంగ్ హాల్ ట్రక్కర్ లాంటివి ఈ పని కోసమే పుట్టినవి. లాంగ్ హాల్ ట్రక్కర్ తయారీ ఇప్పుడు ఆగిపోయింది, ఈ రకంలో కొత్తవి ఖరీదు. ఒకటి రెండు యాత్రలు చేసి మానేసినవాళ్ళ దగ్గర పాతది దొరికితే, క్యారియర్లతో సహా ఇస్తామంటే, కాస్త ఎక్కువైనా ఆలోచించండి.

గ్రావెల్ సైకిల్ (వంపు హ్యాండిల్‌తో, కంకర దారులకీ పనికొచ్చేది). తక్కువ సామాను వాళ్ళకి బాగుంటుంది. గేర్లు మాత్రం జాగ్రత్తగా లెక్కపెట్టాలి, చాలావాటిలో ఎత్తు ఎక్కడానికి ఉండే గేరు సరిపోదు.

రోడ్డు రేసు సైకిల్. సామానుతో దూరప్రయాణానికి వద్దు. టైరుకి చోటుండదు, మడమ సంచికి తగులుతుంది, గేర్లు తొక్కడానికి బరువు.

చవక సస్పెన్షన్ సైకిల్. ముందూ వెనకా స్ప్రింగులతో, మెరిసే రంగులతో ఉండేవి పైన పటారం లోన లొటారం. ఆ స్ప్రింగుల బరువు మీరే మోయాలి, తొక్కిన శక్తిలో కొంత అవే మింగేస్తాయి, వెనక క్యారియరు బిగించడానికి చోటే ఉండదు. ముందు ఒక్కటే సస్పెన్షన్ ఉన్న సైకిల్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు. ఆ స్ప్రింగు కదలకుండా లాక్ చేసి, సామానంతా వెనక పెట్టి, మొదటి చిన్న యాత్ర చేసి రండి.

స్టీలా, అల్యూమినియమా అన్న చర్చలో సమయం పోగొట్టుకోకండి. రెండింటి మీదా ఖండాలు దాటినవాళ్ళున్నారు. "స్టీలైతే ఎక్కడైనా వెల్డింగ్ చేయించుకోవచ్చు" అనే మాట కూడా సగమే నిజం. మంచి స్టీలు ఫ్రేముల గొట్టాలు పలచన, చేయి తిరిగిన మనిషి కాకపోతే కాల్చేస్తాడు. కార్బన్ ఫ్రేములు మాత్రం చాలావరకు క్యారియరు బిగించడానికి పనికిరావు.

## 4. సైజు: ఇక్కడ రాజీ వద్దు

తక్కువ ధరకు వస్తోందని సైజు తప్పిన సైకిల్ కొనకండి. పది కిలోమీటర్లకి తెలియని తేడా అరవై కిలోమీటర్లకి మెడలోనో మోకాలిలోనో తెలుస్తుంది.

1. ఫ్రేము పై గొట్టానికి అటో కాలు ఇటో కాలు వేసి, రెండు పాదాలూ నేలకి ఆనించి నిలబడండి. గొట్టానికీ మీకూ మధ్య కనీసం 3 సెం.మీ. ఖాళీ ఉండాలి.
2. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టండి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కాలు తిన్నగా చాపుకోవాలి. అంతవరకు సీటు లేపినప్పుడు సీటు కడ్డీ మీది "ఇంతకు మించి లేపవద్దు" గీత బయటికి కనిపిస్తే ఫ్రేము మీకు చిన్నది.
3. చేతులు హ్యాండిల్ మీద పెట్టండి. మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, భుజాలు చెవుల దాకా లేవకూడదు.
4. ఇరవై నిమిషాలు తొక్కండి. తర్వాత ఒక చేయి వదిలి చూడండి. ఒళ్ళు ముందుకు తూలిపోతే బరువంతా అరచేతుల మీద పడుతోందని అర్థం. హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేము వైపు కలిపే ముక్క) పొట్టిది వేయిస్తే సరిపోతుందేమో అడగండి. రెండు మూడు సెంటీమీటర్ల తేడా అయితే అది సర్దుతుంది, అంతకు మించితే వేరే సైకిల్ చూసుకోండి.

రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే చిన్నదే తీసుకోండి. సీటునీ హ్యాండిల్‌నీ పైకి లేపుకోవచ్చు. పెద్ద ఫ్రేమును కుదించే దారి లేదు.

## 5. ఫ్రేము మీద చూడాల్సిన నాలుగు చోట్లు

క్యారియరు రంధ్రాలు. వెనక చక్రం ఇరుసు దగ్గర రెండు, సీటు కింద సన్న గొట్టాల మీద రెండు ఉండాలి. వీటిలో పట్టేది సాధారణంగా 5 మి.మీ. బోల్టు. పెయింటు పూడుకుపోయి ఉంటే భయం లేదు, మర శుభ్రం చేయించుకోవచ్చు. పై రంధ్రాలు లేకపోతే రబ్బరు పొర ఉన్న లోహపు పట్టీలతో బిగించవచ్చు, లేదా రంధ్రాలున్న సీటు క్లాంపు (సీటు కడ్డీని బిగించే పట్టీ) వేయించవచ్చు. కింది రంధ్రాలు లేకపోతే మాత్రం 15 కిలోలు మోయించాలన్న ఆశ వదులుకోండి. అప్పుడు సీటు వెనక వేలాడే సంచి, ఫ్రేము మధ్య సంచి వాడుకుని సామాను తగ్గించుకోవడమే దారి.

టైరుకి చోటు. 35 మి.మీ. టైరు వేసినా రెండు పక్కలా చిటికెన వేలి సగం మందం, అంటే ఐదారు మిల్లీమీటర్లు, ఖాళీ మిగలాలి. మడ్‌గార్డు కావాలంటే ఇంకా ఎక్కువ. మట్టిదారులుంటే 40–47 మి.మీ. టైరు పట్టే ఫ్రేము వెతకండి.

వెనక గొట్టం పొడవు. పెడళ్ళ చేతులు రెండూ తిరిగే ఇరుసు మధ్య నుంచి వెనక చక్రం ఇరుసు మధ్య దాకా టేపు పెట్టి కొలవండి. 43 సెం.మీ. కంటే తక్కువైతే తొక్కుతున్నప్పుడు మీ మడమ సంచిని తన్నే అవకాశం ఎక్కువ. లాంగ్ హాల్ ట్రక్కర్‌లో ఇది 46 సెం.మీ. పాదం పెద్దదైతే ఈ కొలతకి మరింత విలువ ఇవ్వండి.

డిస్క్ బ్రేకు అడ్డం. వెనక డిస్క్ బ్రేకు ఎక్కడ కూర్చుందో చూడండి. క్యారియరు కాలు దిగే దారిలోనే ఉంటే మామూలు క్యారియరు పట్టదు, డిస్క్ కోసం చేసిన వెడల్పు రకం కొనాలి.

## 6. గేర్లు: ఒక్క భాగహారం చాలు

"మొత్తం ఎన్ని గేర్లు?" అని అడగకండి. 21 గేర్లున్నా కొండ ఎక్కించలేని సైకిళ్ళున్నాయి. అడగాల్సింది ఇది: ముందున్న చిన్న చక్రానికి ఎన్ని పళ్ళు, వెనకున్న పెద్ద చక్రానికి ఎన్ని పళ్ళు? సాధారణంగా వాటి మీదే చెక్కి ఉంటుంది. లేకపోతే గుడ్డతో తుడిచి లెక్కపెట్టండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి.

- పాత మౌంటెన్ బైక్: 22 ÷ 32 = 0.69. చాలా బాగుంది.
- ట్రెకింగ్ సైకిల్: 28 ÷ 34 = 0.82. బాగుంది.
- గ్రావెల్: 30 ÷ 34 = 0.88. సామాను తక్కువైతే సరే.
- రోడ్డు సైకిల్: 34 ÷ 28 = 1.21. సామానుతో వద్దు.

పెడళ్ళను నిమిషానికి 60 సార్లు తిప్పుతూ కొండ ఎక్కుతున్నారనుకోండి. 1.21 గేరులో సైకిల్ గంటకి 9 కిలోమీటర్ల పైన పోవాలి. పోలేకపోతే పెడల్ మీద నిలబడి ఈడ్చాలి, ఆ భారం మోకాళ్ళ మీద పడుతుంది. 26 అంగుళాల చక్రంతో 0.69 గేరులో గంటకి 5 కిలోమీటర్లు సరిపోతుంది. కూర్చునే, ఊపిరి ఆడుతూనే, మెల్లగా ఎక్కిపోతారు. సమతల ప్రాంతంలోనే తిరుగుతాను అనుకునేవాళ్ళకి 1.0 కూడా నడుస్తుంది. కానీ ఎదురుగాలి కూడా కొండలాంటిదే, అది మ్యాపులో కనిపించదు.

నచ్చిన సైకిల్‌కి లెక్క 1 దాటితే వెంటనే వదిలేయకండి. వెనక ఇంకా పెద్ద పళ్ళ చక్రం వేయించవచ్చేమో మెకానిక్‌ని అడగండి. వెనక గేరు యంత్రం ఎన్ని పళ్ళ దాకా పట్టగలదో దాన్నిబట్టి ఉంటుంది. ఆ పనికయ్యే ఖర్చును సైకిల్ ధరకి కలిపి చూసుకోండి.

## 7. వెనక చక్రం

ఈ భాగం నిదానంగా చదవండి. యాత్రలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

నా మొదటి దూరప్రయాణంలో మూడో రోజు, ఎక్కుడు రాగానే వెనక చక్రం బ్రేకు షూకి రాసుకోవడం మొదలైంది. దిగి తిప్పి చూస్తే బాగానే తిరుగుతోంది, ఎక్కి తొక్కితే మళ్ళీ రాసుకుంటోంది. రిమ్ము బెండు అనుకుని పుల్లలు బిగిస్తూ సగం పూట పోగొట్టుకున్నాను. సాయంత్రం చక్రం ఊడదీసినప్పుడు తెలిసింది, లోపల ఇరుసు రెండు ముక్కలైంది. దాని గుండా పోయే బిగింపు కడ్డీ ఒక్కటే దాన్ని పట్టుకుని ఉంది.

కారణం హబ్బు (చక్రం నడిమధ్య భాగం) రకం. చవక సైకిళ్ళలో వెనక పళ్ళ చక్రాల కట్ట మరతో హబ్బుకి ఎక్కించే ఫ్రీవీల్ ఉంటుంది. దాంట్లో కుడి వైపు బేరింగు ఫ్రేముకి దూరంగా, బాగా లోపల ఉండిపోతుంది. ఆ మధ్య దూరమంతా ఇరుసు ఆసరా లేకుండా బరువు మోయాలి. క్యాసెట్ (మర లేకుండా జారించి ఎక్కించే పళ్ళ చక్రాల కట్ట) రకం హబ్బులో బేరింగు చివరికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇరుసు అంత తేలిగ్గా వంగదు.

తేడా ఎలా కనిపెట్టాలి? చక్రం ఊడదీయమని అడగండి. పళ్ళ చక్రాల మధ్యలో, పనిముట్టు పెట్టడానికి గాట్లు కనిపిస్తాయి. పళ్ళ చక్రాలను వెనక్కి తిప్పండి. గాట్లు వాటితోపాటే తిరిగితే క్యాసెట్. పళ్ళు తిరుగుతూ గాట్లు కదలకుండా ఉంటే ఫ్రీవీల్. వెనక పళ్ళ చక్రాలు 8 లేదా ఎక్కువ ఉంటే సాధారణంగా క్యాసెట్టే. 6, 7 ఉంటే తప్పక చూడండి. ఫ్రీవీల్ ఉన్న సైకిల్ అసలు పనికిరాదని కాదు. సామాను పది కిలోల లోపు ఉంచి, గతుకుల్లో నెమ్మదిగా పోతే నడుస్తుంది. లేదంటే వెనక చక్రం ఒక్కటే క్యాసెట్ రకం కట్టించుకోండి. చవక సైకిల్ మీద పెట్టే ఖర్చుల్లో దీనంత ఫలితమిచ్చేది మరొకటి నాకు తెలియదు.

మిగతావి చకచకా చూసేయవచ్చు. వెనక పుల్లలు 32 ఉండాలి, 36 ఉంటే ఇంకా మంచిది. పక్కపక్క పుల్లలను రెండేసి చొప్పున పిసికి చూడండి. ఒకే వైపు పుల్లలన్నీ దాదాపు ఒకే బిగువులో ఉండాలి. ఒక్కటి వదులుగా తగిలినా చక్రం సరిచేయించాలి. రిమ్ము బ్రేకులుంటే, షూ రాసుకునే అంచు మీద స్కేలును నిలువుగా ఆనించండి. మధ్యలో గుంట పడి వెలుతురు కనిపిస్తే రిమ్ము అరిగిపోయినట్టే.

టైరు సైజు చూసేటప్పుడు అంగుళాలను నమ్మకండి. టైరు పక్కన 37-622 అనో 47-559 అనో ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో. 622 అంటే 700సి, 29 అంగుళాలుగా అమ్మేదీ అదే. 584 అంటే 27.5, 559 అంటే మౌంటెన్ బైకుల 26. "28 అంగుళాలు" అన్నప్పుడు అది 622 కావచ్చు, పాతకాలపు సైకిళ్ళ 635 కావచ్చు, ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. ఈ మూడంకెల నంబరు రాసుకోండి, దారి పొడుగునా దుకాణాల్లో అడగాల్సింది అదే.

## 8. బ్రేకులు

రిమ్ము బ్రేకులైనా, కేబుల్‌తో నడిచే డిస్కులైనా సరే. చవక హైడ్రాలిక్ డిస్కులు (ఆయిల్ ఒత్తిడితో నడిచేవి) దారిలో ఆయిల్ కారితే బాగుచేయడం కష్టం, కాబట్టి మొదటి యాత్రకి కేబుల్ రకమే నయం. పరీక్ష ఒకటే: ఖాళీ చోట మెల్లగా వెళ్తూ ముందు బ్రేకు రెండు వేళ్ళతో నొక్కండి. సైకిల్ గట్టిగా, ఒకే తీరుగా ఆగాలి. లీవరు హ్యాండిల్‌ని తాకకూడదు.

## 9. పాత సైకిల్ అయితే

పగటి వెలుతురులోనే చూడండి. అమ్మేవారు తొందరపెడితే మరోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి. మొదట బిల్లు ఉందేమో అడగండి. పెడల్ ఇరుసు కింద ఫ్రేము మీద నంబరు చెక్కి ఉంటుంది, దాన్ని గీకేసి ఉంటే బేరం అక్కడితో ఆపేయండి.

ఫ్రేము. హ్యాండిల్ గొట్టం వెనక, కింది గొట్టం కలిసే చోట వేలితో నిమరండి. పెయింటు ముడతపడి ఉన్నా, ఉబ్బు తగిలినా ముందు నుంచి గట్టి దెబ్బ తగిలిందని అర్థం, కొనకండి. వెల్డింగు అతుకులు గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడండి. వెంట్రుక లాంటి గీత పెయింటు మీదా, లోహం మీదా అని అనుమానం వస్తే లోహం మీదనే అనుకోండి.

దారం పరీక్ష. వెనక ఇరుసు ఒక చివర దారం కట్టి, హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, ఇరుసు రెండో చివరకి లాగి కట్టండి. ఇప్పుడు సీటు గొట్టం నుంచి రెండు వైపులా దారానికి ఉన్న దూరం కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఫర్వాలేదు. మూడు దాటితే ఫ్రేము వంకర.

సీటు కడ్డీ. క్లాంపు వదులు చేసి కడ్డీని పైకి కిందకి కదిపించండి. ఇది చాలామంది మరిచిపోతారు. ఒకసారి అన్నీ నచ్చిన ఒక సైకిల్ దగ్గర క్లాంపు విప్పి సీటు తిప్పాను. ఫ్రేము తిరిగింది గానీ కడ్డీ తిరగలేదు. నూనె వేసి, మరుసటి రోజు ఇద్దరం పట్టుకుని తిప్పినా అంతే. స్టీలు ఫ్రేములో అల్యూమినియం కడ్డీ ఏళ్ళ తరబడి గ్రీజు లేకుండా ఉండిపోతే రెండూ తుప్పుతో కరుచుకుంటాయి. మీ ఎత్తుకి సరిపోయే చోటే ఇరుక్కుందనుకున్నా కొనవద్దు. హ్యాండిల్ స్టెమ్‌కీ ఇదే పరీక్ష చేయండి.

గొలుసు. స్టీలు స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెట్టండి. కొత్త గొలుసులో 12 అంగుళాల గీత దగ్గర కచ్చితంగా మరో పిన్ను మధ్య భాగం వస్తుంది. ఆ పిన్ను గీతకి అంగుళంలో పదహారో వంతు అవతల ఉంటే గొలుసు మార్చాలి. ఎనిమిదో వంతు అవతల ఉంటే వెనక పళ్ళ చక్రాలు కూడా అరిగి ఉంటాయి. ఇది వదులుకోవాల్సిన లోపం కాదు, ధర తగ్గించమని అడగాల్సిన లోపం.

బేరింగులు. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ కుదపండి. హ్యాండిల్ గొట్టం దగ్గర టకటక చప్పుడొస్తే వదులు. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో గాటులో పడ్డట్టు ఆగితే అక్కడి బేరింగులు మార్చాలి. క్రాంకును (పెడల్ తగిలించే చేతిని) పక్కలకి ఊపండి, అది కదిలితే లోపలి ఇరుసు బేరింగు పోయి ఉండవచ్చు. ఇవన్నీ మార్చుకోదగ్గవే, ఖర్చు రాసుకుంటూ పోండి.

కుడి పెడల్‌కి మామూలు మర, ఎడమ పెడల్‌కి తిరగేసిన మర. క్రాంకులో ఆ మర చెడిపోయి పెడల్ వాలి ఉంటే క్రాంకే మార్చాల్సి రావచ్చు.

## ఎక్కువమంది చేసే తప్పులు

*తేలిక సైకిల్ కోసం డబ్బు పోయడం.* 20 కిలోల సామాను ఎక్కించబోతూ రెండు కిలోల తేడా కోసం బడ్జెట్ రెట్టింపు చేసుకోవద్దు. నిండు సీసాలు రెండు తగ్గిస్తే అంతే తేడా వస్తుంది.

*మౌంటెన్ బైకుకి వంపు హ్యాండిల్ వేయించడం.* చూడటానికి అందంగా ఉంటుంది. కానీ వంపు హ్యాండిల్ లీవర్లు లాగే కేబుల్ పొడవు మామూలు వి-బ్రేకులకి (మౌంటెన్ బైకుల్లో ఉండే రిమ్ము బ్రేకులకి) చాలదు, బ్రేకు పూర్తిగా పట్టదు. గేరు మీటలూ మార్చాలి. చేతులు పెట్టుకోవడానికి రకరకాల చోట్లు కావాలంటే తిన్న హ్యాండిల్ చివర్లకి కొమ్ములు తగిలించండి, లేదా సీతాకోకచిలుక ఆకారం హ్యాండిల్ వేయించండి. పాత లీవర్లే దానికి పనికొస్తాయి.

*మెత్తటి పెద్ద సీటు కొనడం.* గంట సేపు హాయి. మూడో గంటకి మెత్తదనం అణిగి తొడలు ఒరుసుకుంటాయి. కూర్చునే ఎముకల వెడల్పుకి సరిపోయే, కాస్త గట్టి సీటే నిలుస్తుంది.

*క్యారియరును ధర చూసి కొనడం.* దాని మీద బరువు పరిమితి ముద్రించి ఉంటుంది. 25 కిలోలు అని ఉన్నది తీసుకోండి, మీరు పెట్టేది 15 అయినా సరే.

*కొన్న వారంలోనే బయలుదేరడం.* కొత్త కేబుళ్ళు సాగుతాయి, కొత్త పుల్లలు సర్దుకుంటాయి. కనీసం 200 కిలోమీటర్లు ఇంటి చుట్టుపక్కలే తిరిగి, మళ్ళీ ఒకసారి మెకానిక్‌కి చూపించండి.

## 10. చివరి పరీక్ష: రెండు రోజులు, నిండు సామానుతో

క్యారియరు, సంచులు బిగించాక అసలు సామాను సిద్ధంగా లేకపోతే నీళ్ళ సీసాలు నింపండి. లీటరుకి కిలో లెక్క, తూకం వేసే పని కూడా ఉండదు. రెండు సంచుల్లోనూ సమంగా పెట్టండి, బరువైనవి అడుగున.

బయలుదేరే ముందు క్యారియరు బోల్టులన్నిటి మీద, బోల్టు తల నుంచి ఫ్రేము మీదకి వచ్చేలా గోళ్ళరంగుతో సన్న గీత గీయండి. మొదటి రోజు 40 కిలోమీటర్లు, రెండో రోజు మళ్ళీ 40. రెండో రోజు మానకండి, సైజు తప్పుంటే బయటపడేది అప్పుడే. దారిలో తప్పనిసరిగా ఒక ఎక్కుడు, ఒక దిగుడు ఉండాలి. వీటిని గమనించండి:

- ఎక్కుడులో కూర్చునే తొక్కగలుగుతున్నారా? లేకపోతే 6వ భాగానికి తిరిగి వెళ్ళండి.
- మడమ సంచికి తగులుతోందా? సంచిని క్యారియరు మీద వెనక్కి జరపండి. అప్పటికీ తగిలితే చిన్న సంచులు వాడండి.
- దిగుడులో హ్యాండిల్ వణుకుతోందా? భయపడి గట్టిగా పట్టుకోకండి. మోకాళ్ళతో పై గొట్టాన్ని నొక్కి, మెల్లగా బ్రేకు వేయండి, వణుకు ఆగుతుంది. ఇంటికొచ్చాక కొంత బరువును ముందుకి మార్చి, క్యారియరు బిగువు చూసి, మళ్ళీ అదే దిగుడులో పరీక్షించండి. అప్పుడూ వణికితే ఆ సైకిల్ మీద అంత సామాను పెట్టకూడదు.
- వేళ్ళు తిమ్మిరెక్కాయా? హ్యాండిల్ కొద్దిగా ఎత్తండి. మోకాలి ముందు భాగం నొప్పిగా ఉందా? సీటు ఐదు మిల్లీమీటర్లు లేపండి. వెనక భాగం నొప్పి అయితే అంతే దించండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

రెండో రోజు సాయంత్రం సామాను దించి, చక్రాలు తిప్పి చూడండి. రిమ్ము అటూ ఇటూ ఆడుతుంటే పుల్లల బిగువు సరిచేయించాలి. తర్వాత గోళ్ళరంగు గీతలు ఒక్కొక్కటే చూడండి. ఎక్కడ గీత తెగిందో ఆ బోల్టు తిరిగిందన్నమాట. దాన్ని విప్పి, మర మీద బోల్టు వదులవకుండా పట్టి ఉంచే జిగురు ఒక్క చుక్క వేసి, మళ్ళీ బిగించి, కొత్త గీత గీసి, ఇంకో 40 కిలోమీటర్లు తిరిగి రండి. అన్ని గీతలూ కదలకుండా ఉన్న రోజున తేదీ ఖాయం చేసుకోండి.